కంటి వెనక చిల్లు, చేతిలో అమెరికా టికెట్టు

ప్రశ్న

తెనాలి దగ్గరి ఒక ఊరి నుంచి అరవై రెండేళ్ల సోదరి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నారు. నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం సూదిలోకి దారం ఎక్కిస్తూ ఎడమ కన్ను మూశారట. కుడి కంటికి తన వేళ్లు కనబడుతున్నాయి, దారం కొస కనబడుతోంది, సూది బెజ్జం ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ. తలెత్తి చూస్తే ద్వారబంధం నడుము దగ్గర లోపలికి వంగి ఉంది. రెండు కళ్లూ తెరిస్తే అంతా మామూలే. పొర వస్తోందేమో అనుకుని అద్దాలు మార్పించుకున్నారు, అందులో రెండు నెలలు పోయాయి. చివరికి గుంటూరులో రెటీనా డాక్టరు కంటి వెనక పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీసి మాక్యులర్ హోల్, అంటే రెటీనా నడిమి భాగంలో చిల్లు అన్నారు. చిల్లు వెడల్పు 520 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కుడి కంటి చూపు 6/60, అంటే బాగా తక్కువ, ఎడమది 6/9, దాదాపు మామూలే. కుడి కంట్లో శుక్లం కూడా కొంచెం మొదలైంది. ఆపరేషన్ చేసి, శుక్లం కూడా అప్పుడే తీసి, కంట్లో గ్యాస్ నింపుతామని, వారం రోజులు ముఖం కిందికి పెట్టుకుని ఉండాలని చెప్పారు. కాగితం మీద ఫ్లాప్ అని కూడా రాశారు.

పది వారాల్లో ఆమె డాలస్ వెళ్లాలి. కోడలికి తొలి కాన్పు. మొదటి మూడు నెలలు ఈమె, తర్వాతి మూడు నెలలు వియ్యపురాలు అని ముందే అనుకున్నారు. కొడుకు టికెట్టు కూడా తీశాడు. కంటి సంగతి అతనికి ఇంకా చెప్పలేదు. ఒక కన్ను బాగానే ఉంది కదా, ఈ వయసులో కోతలెందుకు అంటున్నారు భర్త. ఏలూరులో ఉండే ఆడపడుచు మూడేళ్లు నానబెట్టి ఇదే ఆపరేషన్ చేయించుకుంది. పది రోజులు బోర్లా పడుకుంది. చిల్లు మూసుకుందన్నారు గానీ చూపు రాలేదని ఇప్పటికీ బాధపడుతోందట. ఈమెకు మెడనొప్పి, మోకాళ్ల నొప్పులు. చుక్కల మందుతో పోదా? మిషను మీద వంగి కుట్టడం వల్ల వచ్చిందా? అమెరికా నుంచి వచ్చాక చేయించుకుంటే ఏమవుతుంది? "నేను వెళ్లకపోతే వియ్యాలవారు ఏమనుకుంటారు" అనే మాట ఉత్తరంలో రెండుసార్లు ఉంది.

సమాధానం

అమ్మా, ముందు మీ కుట్టుమిషను మీద నింద తీసేద్దాం. ఈ చిల్లు కుట్టుపని వల్ల రాలేదు. కంటి లోపలంతా కోడిగుడ్డు తెల్లసొన లాంటి జెల్ ఉంటుంది. వయసు మీదపడే కొద్దీ అది కుంచించుకుపోయి వెనకనున్న రెటీనా నుంచి, అంటే బొమ్మ పడే పొర నుంచి, విడిపోతుంది. చాలామందికి శుభ్రంగా ఊడివస్తుంది. కొందరికి సరిగ్గా మధ్యభాగంలో, అంటే మనం చదవడానికీ ముఖాలు పోల్చుకోవడానికీ వాడే మాక్యులా దగ్గర, అంటుకుని లాగుతుంది. ఆ లాగుడుకి అక్కడి పలచటి కణజాలం చీలుతుంది. అరవై దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, ఇది ఎక్కువ. మీరు ఏదో చేసినందుకు వచ్చింది కాదు, ఏదో మానేస్తే రాకుండా ఉండేదీ కాదు.

ఇంకో భయం మీరు రాయలేదు గానీ ఉత్తరం నిండా కనబడుతోంది. దీనివల్ల ఆ కన్ను పూర్తిగా గుడ్డిది అయిపోదు. పక్క చూపు అలాగే ఉంటుంది. పోయేది నడిమి చూపు.

చుక్కల మందు సంగతి. చాలా చిన్న చిల్లులు, అంచులు ఉబ్బి ఉన్నవి, చుక్కలతోనో వాటంతట అవేనో మూసుకున్న సందర్భాలు ఉన్నాయి. 250 మైక్రాన్ల లోపు చిన్నది, 400 దాటితే పెద్దది అని మా రెటీనా డాక్టర్ల లెక్క. మీది 520. దీనికి చుక్కల మీద ఆశ పెట్టుకుంటే ఇంకో రెండు నెలలు కరిగిపోవడమే.

ఇప్పుడు మీ ఆడపడుచు గారి విషయం. మీ ఇంట్లో అందరి నిర్ణయం ఆవిడ కథ మీదే నిలబడినట్టుంది, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. చిల్లు మూసుకోవడం ఒకటి, చూపు రావడం ఇంకొకటి. మొదటిది ఆపరేషన్ చేతిలో ఉంటుంది. రెండోది చిల్లు అంచున ఉన్న కణాల్లో ఎన్ని ఇంకా ప్రాణంతో ఉన్నాయో దాన్నిబట్టి ఉంటుంది. మూడేళ్లు తెరుచుకుని ఉన్న చిల్లు మూసుకున్నా, అప్పటికే ఎండిపోయిన కణాలు లేచి కూర్చోవు. ఆవిడ ఆపరేషన్ ఫెయిలవలేదు, ఆలస్యమైంది. మీది నాలుగు నెలలది. ఆరు నెలల లోపు చేసిన కళ్లకూ ఏళ్ల తర్వాత చేసిన కళ్లకూ ఫలితంలో బాగా తేడా ఉంటుంది. ఆవిడ అనుభవాన్ని మీ కంటికి కొలతగా పెట్టుకోవద్దు.

1991 ముందు వరకూ ఈ జబ్బుకి చికిత్స లేదనే పుస్తకాల్లో ఉండేది. ఆ ఏడాది కాలిఫోర్నియాలో కెల్లీ, వెండెల్ అనే ఇద్దరు డాక్టర్లు 52 కళ్లకు ఆపరేషన్ చేసి, 58 శాతం చిల్లులు మూసుకున్నాయని ప్రకటించారు. ఇప్పుడు తాజా చిల్లుల్లో పదింట తొమ్మిది పైనే మూసుకుంటున్నాయి. ఈ తేడా ఎలా వచ్చిందో మీకు చెప్పడం తేలిక, ఎందుకంటే మీరు బట్ట తెలిసిన మనిషి. బిగుతుగా లాగి పట్టి ఉన్న గుడ్డకు చిరుగు పడితే అంచులు దగ్గరికి రావు కదా. ముందు ఆ బిగుతు వదల్చాలి. కంట్లో మేం చేసేది అదే, కాకపోతే సూదీ దారం ఉండవు. తెల్లగుడ్డు మీద అర మిల్లీమీటరు ఉండే మూడు రంధ్రాలు పెట్టి లోపలి జెల్ తీసేస్తాం. రెటీనా మీద అన్నిటికంటే లోపలగా ఐఎల్ఎం అనే పొర ఒకటి ఉంటుంది, మందం రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు డెబ్భై మైక్రాన్లు, పోల్చి చూసుకోండి. మామూలుగా అది కంటికి ఆనదు. నీలం రంగు వేస్తే తేలుతుంది. సన్నటి పట్టకారుతో దాని అంచు పట్టుకుని చిల్లు చుట్టూ గుండ్రంగా ఒలుస్తాం. అది ఊడగానే కింది రెటీనా బిగువు సడలి, అంచులు దగ్గరికి జరుగుతాయి.

పెద్ద చిల్లులకు అంత మాత్రం చాలదు. 2010లో పోలండ్‌కు చెందిన మిఖలెవ్‌స్కా బృందం ఒక పద్ధతి చెప్పింది. పొరను పూర్తిగా తీసెయ్యకుండా చిల్లు అంచు దగ్గర అతుక్కుని ఉండనిచ్చి, దాన్ని తిరగేసి చిల్లు మీద కప్పడం. జాకెట్టుకి లోపల లైనింగు వేసినట్టనుకోండి. ఆ పొర ఆధారంగా పక్క కణాలు పాకి చిల్లుని పూడుస్తాయి. మీ డాక్టరు గారు ఫ్లాప్ అని రాసింది దీన్నే. 400 దాటిన చిల్లుకి ఆయన ఆ ఆలోచన చేయడం సబబే. శుక్లం కూడా అప్పుడే తీసేద్దామన్నారని రాశారు. జెల్ తీసిన కంటికి, మీ వయసులో, రెండేళ్ల లోపే శుక్లం ముదిరిపోవడం దాదాపు ఖాయం. రెండూ కలిపి చేస్తే ఇంకోసారి ఆపరేషన్ బల్ల ఎక్కే పని తప్పుతుంది. అమర్చే లెన్స్ పవరు ఒక్కోసారి కొద్దిగా తేడా రావచ్చు, అది అద్దాలతో సరిపోతుంది.

ఇక గ్యాస్. మేస్త్రీలు గోడ మీద పెట్టి చూసే రసమట్టం చూసే ఉంటారు. అందులో బుడగ ఎప్పుడూ పైకే పోతుంది. మీ కంట్లో పెట్టే గ్యాస్ బుడగా అంతే. చిల్లు ఉన్నది కంటి వెనక గోడ మీద. మీరు నిటారుగా కూర్చుంటే బుడగ కంటి పైభాగానికి పోతుంది. ముఖం నేలకి దించితేనే వెనక గోడ పైకప్పు అవుతుంది, అప్పుడు బుడగ చిల్లుకి ఆని దాన్ని పొడిగా ఉంచుతుంది. ఇది అర్థమైతే మీ మెడనొప్పి, మోకాళ్ల సమస్య సగం తీరినట్టే. కిందికి ఉండాల్సింది ముఖం, ఒళ్లు ఎలా ఉన్నా పరవాలేదు. మంచం మీద బోర్లా పడుకునే ఉండాలని అనుకోకండి. కుర్చీలో కూర్చుని, ముందు బల్ల మీద రెండు దిళ్లు మధ్యలో ఖాళీ వదిలి పేర్చి, నుదురు ఒక దాని మీద, గడ్డం ఇంకోదాని మీద ఆనించండి. మెడ బరువు దిళ్లు మోస్తాయి. గంటకోసారి పది నిమిషాలు లేచి తిరగవచ్చు, అన్నం తినవచ్చు. నీళ్లు, మజ్జిగ స్ట్రాతో తాగితే తల ఎత్తే పని ఉండదు. రాత్రి పక్కకి తిరిగి పడుకోవచ్చు, వెల్లకిలా మాత్రం వద్దు. చిన్న చిల్లులకి ఈ నియమం చాలామంది డాక్టర్లు సడలించారు. మీలాంటి పెద్దవాటికి మొదటి కొద్ది రోజులు పట్టుగా చేయమంటాను. ఒక్కరే చేయగల పని మాత్రం కాదు. చుక్కలు వేయడానికి, తలుపు తీయడానికి, కాసేపు పక్కన కూర్చుని మాట్లాడటానికి మనిషి కావాలి. మీ వారు ఆ వారం ఇంట్లో ఉండి వంట చూసుకోగలరా అని ముందే అడగండి. కోత ఎందుకని అడిగినంత సులువుగా ఆ మాటకి ఆయన జవాబు చెప్పలేకపోవచ్చు, అయినా అడగండి.

విమానం దగ్గరికి వద్దాం. ఈ ఒక్క చోట మాత్రం మీకు ఎంపిక ఇవ్వను. కంట్లో గ్యాస్ ఉండగా విమానం ఎక్కకూడదు. పైకి పోయే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. విమానం లోపల కూడా ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంత ఒత్తిడే ఉంటుంది. దాంతో బుడగ ఉబ్బుతుంది, కంటికి సాగే చోటు లేదు, లోపలి ఒత్తిడి పెరిగి నరానికి రక్తం ఆగిపోతుంది. ఉన్న చూపు కూడా శాశ్వతంగా పోవచ్చు. ఆపరేషన్ బాగా జరిగిందని తిరుమల మొక్కు తీర్చుకోవడానికి వెంటనే బయల్దేరేవాళ్లను చూశాను, అందుకని ఇది కూడా చెప్తున్నాను. తిరుమల సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంది. గ్యాస్ పోయేదాకా స్వామి మొక్కుని ఇంట్లోంచే తలుచుకోండి. కంట్లో గ్యాస్ ఉందని తెలిపేలా చేతికి ఆసుపత్రి వాళ్లు ఒక పట్టీ కడతారు, గ్యాస్ కరిగేదాకా విప్పొద్దు. ఈలోగా ఇంకేదైనా కారణంతో మత్తు ఇవ్వాల్సి వస్తే ఆ డాక్టరుకి తెలియాలి, కొన్ని మత్తు వాయువులూ ఇదే ప్రమాదం తెస్తాయి.

మీ పది వారాల లెక్క ఇప్పుడు చూద్దాం. గ్యాసులు రకరకాలు. ఎస్ఎఫ్6 రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. సీ3ఎఫ్8 రెండు నెలల దాకా ఉంటుంది. వచ్చే వారమే ఆపరేషన్ అయితే, మొదటి రకం పెట్టినా రెండో రకం పెట్టినా కాగితం మీద మీ ప్రయాణానికి ముందే పోవాలి, కాకపోతే రెండోదానితో చాలా ఇరుకు. అసలు చిక్కు వేరే ఉంది. చిల్లు మొదటిసారి మూసుకోకపోతే రెండోసారి చేయాలి, అప్పుడు ఆ టికెట్టు ఎలాగూ రద్దే. నూటికి ఒకరిద్దరికి ఆ తర్వాతి వారాల్లో రెటీనా చిరగడమో ఊడటమో జరుగుతుంది. అది డాలస్‌లో జరిగితే, ముందు నుంచీ ఉన్న జబ్బుకి సందర్శకుల ఇన్సూరెన్సు చాలావరకు పనిచేయదు. అందుకని ఇప్పుడే చేయించుకుని అదే తేదీకి ఎక్కడం కుదరనిది కాదు, కానీ తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు ఉండాలి. గ్యాస్ పూర్తిగా పోయిందని డాక్టరు కంట్లో చూసి రాసివ్వాలి, మీ అంచనా చాలదు.

గ్యాస్ బదులు సిలికాన్ ఆయిల్ పెట్టించుకుంటే విమానం ఎక్కవచ్చు. తప్పనిసరి ప్రయాణం ఉన్నవాళ్లకి ఆ దారి ఉంది. కానీ ఆయిల్ దానంతట అది పోదు, మళ్లీ ఆపరేషన్ చేసి తీయాలి, అది ఉన్నన్నాళ్లూ చూపు మసకే. మీ సందర్భంలో నేనైతే ఈ దారిని చివరికి పెడతాను.

వెళ్లి వచ్చాక చేయించుకుంటే? నాలుగు నెలలకి ఈ పది వారాలు, ఆపైన మూడు నెలలు. తిరిగి వచ్చేసరికి చిల్లు వయసు తొమ్మిది పది నెలలవుతుంది, వెడల్పు 520 దగ్గర ఆగి ఉండే అవకాశం తక్కువ. మూసుకునే అవకాశం అప్పటికీ బాగానే ఉంటుంది, వచ్చే చూపు మాత్రం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ఎవరూ తూచి చెప్పలేరు. అసలు చేయించుకోకపోవడం కూడా ఒక దారే, మీ వారు చెప్పేది అదే. ఎడమ కన్ను 6/9తో మీ జీవితం నడిచిపోతుంది. కానీ మీ పని సూదితో. లోతు తెలియాలంటే రెండు కళ్లూ కలిసి చూడాలి. రేపు ఎడమ కంటికి ఏదైనా వస్తే ఆదుకోవడానికి కుడిది కాస్తయినా చదవగలిగేలా ఉండాలి. ఆ మాట ఆయనకి నా మాటగా చెప్పండి.

మీ ఉత్తరంలోనే ఉండి మీకు కనబడని దారి ఇంకొకటి ఉంది. మొదటి మూడు నెలలు మీరు, తర్వాత వియ్యపురాలు అన్నారు. ఆ విడతలు తిరగేసుకోవచ్చు కదా? తొలికాన్పు పుట్టింటివాళ్లు చూసుకోవడం మన వైపు ఆనవాయితీయే, అందులో తలవంపులు ఏముంది? మీరు మూడు నెలల తర్వాత వెళ్తే గ్యాస్ పోయి, కన్ను కుదుటపడి, చుక్కలు ఆగిపోయి ఉంటాయి. మూడు నెలల బిడ్డ మెడ నిలిపి నవ్వుతుంది, ఆ నవ్వు మీరు చూడగలుగుతారు. ఆవిడకి వీసా, సెలవు కుదరకపోవచ్చు. అది అడిగితేనే తెలుస్తుంది. అడగాలంటే మీ అబ్బాయికి సంగతి చెప్పాలి. చెప్పకుండా వెళ్తే ఏం జరుగుతుందో కూడా ఆలోచించండి. పసిబిడ్డకి మందు చుక్కలు కొలిచే రోజున, గోళ్లు తీసే రోజున అక్కడ బయటపడుతుంది. ఇప్పుడు చెప్తే అతను టికెట్టు మారుస్తాడు, అప్పుడు తెలిస్తే నొచ్చుకుంటాడు. స్కాన్ కాగితం ఫోటో తీసి పంపి, తర్వాత ఫోన్ చేయండి. మాటలు వెతుక్కునే పని తగ్గుతుంది.

చేయించుకునే పక్షంలో తర్వాతి రోజులు ఎలా ఉంటాయో చెప్తాను, తెలియక చాలామంది బెదిరిపోతారు. కట్టు విప్పిన రోజు ఆ కంటికి ఏమీ కనబడదు, చెయ్యి ఊపితే తెలుస్తుందంతే. ఆపరేషన్ పాడైందని ఏడవకండి, గ్యాస్‌లోంచి ఎవరికైనా అంతే. కొద్ది రోజులకి చూపు పైభాగాన ఒక గీత పుడుతుంది. గీత పైన స్పష్టంగా, కింద నీళ్లు ఊగినట్టు ఉంటుంది. రోజూ ఆ గీత కొంచెం దిగుతుంది. చివరికి అడుగున గోలీ అంత బుడగ మిగిలి, అటూ ఇటూ దొర్లి, ఒక ఉదయం ఉండదు. అప్పుడు ఓసీటీ తీస్తే చిల్లు మూసుకుందో లేదో తేలుతుంది. మూసుకున్న తర్వాత కూడా లోపలి పొరలు ఒక్కొక్కటే అతుక్కోవడానికి నెలలు పడుతుంది. చూపు ఏడాది దాకా మెరుగుపడుతూనే ఉండవచ్చు. 6/60 అంటే 60 మీటర్ల దూరం నుంచి కనబడాల్సిన అక్షరానికి మీరు 6 మీటర్ల దాకా రావాలన్నమాట. అక్కడి నుంచి చార్టు మీద రెండు మూడు వరుసలు దిగితే మంచి ఫలితం అంటాం. నడిమి మచ్చ పోతుంది, వంకర చాలావరకు తగ్గుతుంది, కొంత మిగిలిపోవచ్చు. 6/6 వస్తుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

మీ డాక్టరుని ఏ గ్యాస్ పెడతారో, మూసుకోకపోతే తర్వాత ఏం చేస్తారో అడగండి. ఖర్చు మీరు రాయలేదు. ఆరోగ్య పథకం కార్డు ఉంటే అందులో ఇది వస్తుందో రాదో ఆసుపత్రిలో ఆ పథకం సంగతి చూసేవాళ్లు చెప్తారు. ఆపరేషన్ తర్వాత నొప్పి పెరుగుతుంటే, కన్ను బాగా ఎర్రబడితే, మెరుపులు మెరిసినట్టో పక్క నుంచి పరదా కమ్ముకున్నట్టో అనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు, ఆ పూటే వెళ్లండి.

ఎడమ కన్ను గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఒక కంటికి వచ్చినవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరికి రెండో కంటికీ వస్తుంది. ఆ కంట్లో జెల్ ఇప్పటికే శుభ్రంగా విడిపోయి ఉంటే ఆ భయం చాలా తక్కువ. ఆ కంటికి స్కాన్ తీశారా, తీస్తే జెల్ విడిపోయిందా అని అడగండి. రేపు పొద్దున మిషను ముందు కూర్చునే ముందు కుడి కన్ను అరచేత్తో మూసి, ఎడమ కంటితో కిటికీ ఊచల వంక చూడండి. నిటారుగా ఉన్నాయా? వారానికొకసారి అలా చూడండి, ఒక్క ఊచ వంగినా అద్దాల షాపుకి వెళ్లకండి, నేరుగా రెటీనా డాక్టరు దగ్గరికే వెళ్లండి.